రాత్రి తెలియును, రేపు తెలియదు



ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాసనిధి ఏర్పడినదో ఆ మహనీయుడు, తన పేరును పదేపదే పలికి పొగడెడి ప్రసంగము తనకు వలదనియు, ఏటికొకనాడు ఊరివారికి పనికివచ్చు మాట ఎవరిచేతనైనను చెప్పించిన చాలుననియు నిధిపత్రమున వ్రాసియుంచినారు. కావున నేను వారిని మాస్టరుగారనియే పేర్కొందును. ఈ ఊరిలో నలువదియేండ్లపాటు మాస్టరుగారన్న ఆయనయే.

మాస్టరుగారి పెంకుటింటికి వీధివైపున రెండు అరుగులుండెడివి. ఎడమయరుగు బడిపిల్లలది, ప్రొద్దు గ్రుంకగనే మేము లాంతరు చుట్టును మూగి ఎక్కములు వల్లెవేయుచుండువారము. కుడియరుగు దారిని పోవువారిది. గోదావరీస్నానమునకు బయలుదేరిన ముసలమ్మలు, సంతనుండి మరలుచుండగా చీకటిపడిన గాజుల మలారమువాడు, ఎద్దును చూరుక్రింద కట్టివేసికొని సన్నాయిని తలక్రింద పెట్టుకొను గంగిరెద్దులవాడు, కోతలకు పైయూళ్ళనుండి దిగివచ్చిన కూలీలు, ఏ ఊరివాడో ఏమి పేరో ఎవ్వరికిని అంతుపట్టని మతిచలించిన వృద్ధుడొకడు, ఇట్టివారెందరో ఆ యరుగుమీద మేను వాల్చి వేగుజామున లేచిపోవుచుండిరి. చెంబుతో నీళ్ళు, ఉన్నంతలో ఇంత అన్నము, ఒక తాటాకుచాప. ఇది ఆ యింటి మర్యాద. ఆ యరుగు విషయమున మాస్టరుగారికి విడ్డూరమైన నియమమొకటి యుండెను. దాని కారణము తెలియుటకు నాకు చాలకాలము పట్టినది. మీకును కడపటనే మనవి చేసెదను.

నేటి నా ప్రశ్న ఇది. ఇల్లుగలవాడు ఇల్లులేనివాని బ్రదుకును గ్రహింపవలెనన్న తలంపుతో, బుద్ధిపూర్వకముగా చింకిపాతలు ధరించి, కొన్ని రాత్రులు వీధిని పండుకొన్నయెడల వానికి ఏమి తెలియును? ఏమి తెలియదు? తెలిసినదానితో వాడు లోకమునకు చేయగలిగిన ఉపకారమేమి?

మన భాషలో ఇల్లన్నది గోడలకును కప్పునకును మాత్రము పేరు కాదు. భార్యను ఇల్లాలందుము, సంసారియైనవానిని గృహస్థు అందుము. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పిన మాట ఇల్లున్నవానికి చెప్పిన మాట. ఇల్లే లేనివానికి గెలుచుటకైనను ఓడుటకైనను రచ్చయొక్కటియే మిగులును. అట్టివానిని ఇల్లులేనివాడని మనము పేర్కొనుట అరుదు, దిక్కులేనివాడందుము. దిక్కన్న మాటకు ఆశ్రయమనియు అర్థమున్నది, పోవలసిన వైపనియు అర్థమున్నది. ఈ రెండర్థములును ఒక్క మాటలో ఎట్లు ఇమిడినవో, ఆ మాట పుట్టించినవాడు ఎంతటి అనుభవజ్ఞుడో, ఈ విషయమును గూర్చి చదువుచున్నకొలదియు నాకు అచ్చెరువు కలుగుచున్నది.

ఇల్లు లేకుండుట మన సంప్రదాయమున నింద్యము కాదు సరికదా, పరమవంద్యము. గీతాకారుడు భక్తుని లక్షణములను లెక్కించుచు వానిని అనికేతుడన్నాడు. యతి ఒకచోట నిలువరాదు, తనదని చెప్పుకొనదగిన కప్పు వానికుండరాదు. అట్టివాడు వాకిట నిలిచినంతనే గృహిణి చేతులు కడుగుకొని భిక్ష తెచ్చును. అదే వాకిట, అదే వేళకు, అదే తీరు పాత్ర చేతబట్టి మరియొకడు నిలిచిన, పనిచేసికొని బ్రదుకరాదాయని మనము గదమాయింతుము. ఇల్లు విడిచినవానికి పాదపూజయు, ఇల్లు తన్ను విడిచిపోయినవానికి ఛీత్కారమును జరుగుచున్న ఈ వైపరీత్యమునకు కారణమును వెదకినచో, మొదటివాడు ఎంచుకొనెననియు రెండవవాడు ఓడెననియు మనము భావించుటయే కనబడుచున్నది. స్వేచ్ఛగా వీధికెక్కినవారి అనుభవమును పరిశీలించునప్పుడు ఈ భేదమును ఎప్పుడును మరువరాదు. రాజులు మారువేషమున నగరశోధనకు వెడలిన కథలు మనకు కొల్లలు. కాని ఆ రాజు ఎన్ని సందులు తిరిగినను తెల్లవారునప్పటికి అంతఃపురము చేరును. హరిశ్చంద్రునకు వారణాసిలో కాటికాపరితనము వేషము కాదు. ఈ రాజునకును ఆ రాజునకును నడుమనున్న దూరమే నేటి ఉపన్యాసవిషయము.

ఆధునికకాలమున ఈ విధమైన వేషధారణకు ప్రసిద్ధమైన ఉదాహరణములు ఇంగ్లండులో దొరకుచున్నవి. అందుకు కారణము లేకపోలేదు. ఆ దేశమున 1824లో చేసిన దేశదిమ్మరుల చట్టము ప్రకారము, బ్రదుకుతెరువు చూపలేనివాడు ఆరుబయట పండుకొనుట నేరముగా నుండెను. మరియొకవంక, ఊరూర వర్క్‌హౌసులను శ్రమాలయములు పెట్టి, దారిని పోవు నిరుపేదలకు ఒక రాత్రి బస యిచ్చుటకై వాటికి ప్రత్యేకముగా కొట్టములు చేర్చిరి. బయట పండుకొనిన శిక్ష, లోపల పండుకొనిన అంతకంటె ఎక్కువ శిక్షగా తోచునట్లు ఆ కొట్టములు నడచుచుండెను. ఈ సంగతి పైతరగతులవారికి తెలియదు. తెలిసినవారికి వ్రాయుట రాదు.

1866 జనవరిలో జేమ్స్ గ్రీన్‌వుడ్ అను పత్రికారచయిత, తన యన్న సంపాదకుడుగానున్న పాల్ మాల్ గెజెట్ పత్రిక పక్షమున, మాసిన కోటు తొడుగుకొని లండనులోని లాంబెత్ శ్రమాలయమున ఒక రాత్రి గడపెను. ఆయన అచ్చటికి సమీపమువరకు బండిలోనే వచ్చి, పిదప దిగి నడచిపోయెను. తన పేరును వృత్తియు మార్చి చెప్పెను. అంతకుముందే పలువురు మునిగిలేచిన మురికినీటిలో తానును స్నానము చేసెను. ఒక ప్రక్క గోడయే లేక చలిగాలికి తెరచియున్న కొట్టమున, రాతినేలమీద, ఎండుగడ్డి కూరిన గోనెలపై, బాలురును వృద్ధులును దుర్మార్గులును అమాయకులును ఒకరినొకరు ఒరసికొని పండుకొనుట చూచెను. తెల్లవారిన పిమ్మట రొట్టెముక్కయు గంజియు లభించెను, పిండిమరయు త్రిప్పవలసివచ్చెను. ఈ వృత్తాంతము పత్రికలో మూడు భాగములుగా వెలువడగా లండను నగరమంతయు కలవరపడెను. ఆ శ్రమాలయము ఆయింటిచుట్టునున్న జనులకు కొత్తది కాదు. దానిని ప్రతిరాత్రియు అనుభవించుచున్నవారు ఎందరో యుండిరి. వారి మాట చెవినబెట్టని నగరము ఒక్క రాత్రి వారి నడుమ పండుకొనివచ్చిన పెద్దమనిషి మాటను విన్నది. ఈ విధమైన సాహసముల ప్రయోజనమును, వాటిలో దాగియున్న అవమానమును ఈ తొలి ఉదాహరణముననే మనకు గోచరించుచున్నవి.

అటుపిమ్మట ముప్పదియారేండ్లకు, 1902 వేసవిలో, అమెరికా రచయిత జాక్ లండన్ ఆ నగరపు తూర్పుభాగమునకు వచ్చెను. అప్పటికాయన వయసు ఇరువదియారు. పాతబట్టల దుకాణమున చినిగిన దుస్తులు కొని తొడుగుకొనినంతనే లోకము తనయెడ ఎట్లు మారిపోయెనో ఆయన సూక్ష్మముగా గమనించెను. అంతవరకు అయ్యాయని పిలిచినవారు ఏమోయని పిలువసాగిరి. వీధి దాటునప్పుడు బండివాండ్రు తనకొరకు పగ్గము బిగబట్టుట మానివేసిరి. కోటుతోపాటు తన ప్రాణముయొక్క వెలయు తగ్గిపోయినట్లాయెను. కాని ఇందులో ఒక చిన్న సంగతి కలదు. ఆ చినిగిన దుస్తుల లోపలి బనీనుకు చంక దగ్గర ఆయన ఒక బంగారు సవరను దాచి కుట్టుకొనెను. అదిగాక, అలసినప్పుడు పోయి స్నానము చేసి వ్రాసికొనుటకు ఆ ప్రాంతముననే ఒక గది అద్దెకు తీసికొనెను. ఈ రెండింటిని ఆయన దాచిపెట్టలేదు. తన గ్రంథముననే చెప్పుకొనెను.

ఆయన చూచినవానిలో రెండు దృశ్యములు నన్ను వదలవు. మొదటిది: ఇద్దరు వృద్ధులతో, ఒకడు బండితోలువాడు, ఒకడు వడ్రంగి, ఆయన శ్రమాలయమునకు నడచిపోవుచుండగా, వారు మాటలాడుచునే మధ్యమధ్య వంగి కాలిబాటమీదనుండి ఏదో ఏరి నోట వేసికొనుచుండిరి. చుట్టపీకలేమోయని ఆయన మొదట అనుకొనెను. అవి నారింజతొక్కలు, ఆపిలుతొక్కలు, ద్రాక్షకాడలు. రెండవది: రాత్రియంతయు పోలీసువారు ఎక్కడ కూర్చున్నను లేపి సాగనంపుచుండుటచేత ఇల్లులేనివారు తెల్లవార్లు నడచుచునే యుండిరి, వేకువను ఉద్యానముల తలుపులు తెరచినంతనే లోపలికి పోయి పచ్చికమీద ఒరిగి మొద్దునిద్ర పోయిరి. పిదప షికారు వచ్చిన పెద్దమనుష్యులు వారిని చూచి, పట్టపగలు ఒళ్ళు తెలియక పడియున్న సోమరులని ఈసడించుకొనిరి. రాత్రి నిద్రపోనీయనిది మనము; పగలు నిద్రించినందులకు నిందించునదియు మనమే. ఈ చిన్న సత్యమును ఇంటికిటికీలోనుండి చూచువాడు నూరేండ్లకైనను కనిపెట్టలేడు. రాత్రియంతయు వారితో నడచినవానికి మాత్రమే అది తెలియును.

ఆ యేడు ఆగస్టు 9వ తేదిని ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకము జరిగెను. జాక్ లండన్ ట్రఫాల్గర్ స్క్వేరులో జనసమ్మర్దమున నిలుచుండి ఆ ఊరేగింపును చూచి, ఆ రాత్రి థేమ్సు ఒడ్డున బల్లలమీద ఆకలితో ముడుచుకొని కూర్చున్నవారితో మాటలాడెను. ఈ పట్టాభిషేకముతో మన కోనసీమకు ఒక సంబంధమున్నది. గోదావరిపాయ దాటి వచ్చిపోవు బాటసారులకు లంకల గన్నవరమున తన యింట వేళాపాళా లేక అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారిని ఈ ఎడ్వర్డు చక్రవర్తియే తన పట్టాభిషేక వార్షికోత్సవమునకు ఆహ్వానించెననియు, ఆమె ప్రయాణమునకు ఒప్పుకొనక ఛాయాచిత్రము మాత్రము తీయనిచ్చెననియు మనవారందరును చెప్పుకొను వృత్తాంతము మీకు తెలిసినదే. రాజధాని నడిబొడ్డున పేరు, వయస్సు, వృత్తి, నిన్నరాత్రి ఎక్కడ, రేపు ఎక్కడికి అని వ్రాయించుకొనినగాని గంజి పోయని ఏర్పాటొకవంక. అర్ధరాత్రి తలుపుతట్టినవానికి ముందు విస్తరి వేసిన లంకగ్రామపు ఇల్లాలు ఒకవంక. సీతమ్మగారు ఏనాడును మారువేషము వేయలేదు. ఆకలిని తెలిసికొనుటకు ఆమెకు ఆ యవసరము పుట్టలేదు. అయినను ఒక మాట ఒప్పుకొనవలెను: సీతమ్మగారు వేలకొక్కరు పుట్టుదురు, తక్కిన మనమందరమును నియమములను నమ్ముకొని బ్రదుకువారము. కావుననే నియమములు ఎట్లు బాధించునో చెప్పువారు మనకు కావలయును.

ఆ నియమములు స్త్రీని ఎట్లు బాధించునో పురుషుడు ఏ వేషము వేసినను తెలిసికొనజాలడు. ఆ కొరతను తీర్చినది మేరీ హిగ్స్. ఆమె కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రములు చదివిన విదుషి. ఓల్డ్‌హాం పట్టణమున మతాచార్యుడైన భర్తతో కాపురముండి, బీద స్త్రీలకు ఆశ్రయము కల్పించుటకు పాటుపడిన గృహిణి. 1903లో, తన యాబదవయేట అడుగుపెట్టబోవుచు, ఒక తోడును తీసికొని చిరుగుబట్టలతో దేశదిమ్మరి వేషమున బయలుదేరి, శ్రమాలయములలోను చవుకబసలలోను రాత్రులు గడపెను. ఆమె అనుభవములు 1906లో గ్రంథముగా వెలువడినవి. నిలువనీడలేని స్త్రీవంక దారిని పోవు పురుషుడు చూచు చూపులో ఎంతటి చొరవ యుండునో, అది తనమీద పడినప్పుడుగాని తనకు తెలియలేదని ఆమె భావము. గౌరవముగల స్త్రీకి లోకమిచ్చు మర్యాద ఆమె దుస్తులకును చెప్పులకును ఇచ్చినదేయని ఆమె గ్రహించెను. మన ఊళ్ళలో రైలుస్టేషను మూల చీకటి పడినకొద్దియు నిద్రపోక, మూటను ఒడిలో పెట్టుకొని గోడకానుకొని కూర్చుండు స్త్రీని మీరు చూచియుందురు. ఆమెకు నిద్రపట్టక కాదు మేలుకొనియున్నది.

ఇక అందరికంటె మనకు దగ్గరివాడు జార్జి ఆర్వెల్. ఆయన 1903లో బీహారులోని మోతీహారిలో పుట్టినవాడు. తండ్రి నల్లమందుశాఖలో ఉద్యోగి. తానును 1922 మొదలు 1927 వరకు బర్మాలో పోలీసు అధికారిగానుండి, ఆ కొలువుపై రోసి విడిచిపెట్టి, ఇంగ్లండునకు పోయినంతనే లండను తూర్పుప్రాంతపు చవుకబసలలో చింకిబట్టలతో తిరుగుట ప్రారంభించెను. పిదప పారిస్‌లో చేతిలోని పైకము పోయి నిజముగనే పస్తులుండి, హోటలులో పాత్రలు తోముట మొదలైన పనులు చేసెను. ఈ రెండనుభవములును 1933లో గ్రంథరూపమున వెలువడినవి. ఆయన అంతరంగమున నున్నది కుతూహలము కాదు, ప్రాయశ్చిత్తము. లాఠీ పట్టినచేయి లాఠీక్రింద పండుకొనవలెనని ఆయన కోరుకొనెనని, తరువాత 1937లో వ్రాసిన గ్రంథమును బట్టి మనము తెలిసికొనగలము.

ఆర్వెల్ బయటపెట్టిన సంగతులలో నాకు మిక్కిలి ముఖ్యమని తోచినది ఒక చిన్న నిబంధనము. ఒక్క బసలో దేశదిమ్మరికి నెలకు ఒక్క రాత్రికంటె ఎక్కువ చోటీయరాదట! ఈ నిబంధనమును వ్రాసిన అధికారికి, సోమరులు ఒకచోట తిష్ఠవేయకుండునట్లు చూచుటయే తలంపు కావచ్చును. ఫలితమేమనగా, వేలకొలది మనుష్యులు పనియు పాటయు లేక, ఒక బసనుండి వేరొక బసకు రోజుకు పదేసి మైళ్ళు, పదునైదేసి మైళ్ళు నడచుచునే జీవితము వెళ్ళబుచ్చిరి. వారు తిరుగుబోతులగుటకు స్వభావము కారణము కాదు; ఆ కాగితపుముక్క వారిని తిప్పినది. దేశదిమ్మరి ఏల తిరుగుచున్నాడన్న ప్రశ్నకు నీతిశాస్త్రములు వెదకినవారెందరో ఉండిరి. వానితో నడచినవాడు గోడమీది నిబంధనమును చూపించెను. ఇంత కనిపెట్టియు, గ్రంథాంతమున ఆయన తాను పేదరికపు అంచును మాత్రమే చూచితినని ఒప్పుకొనెను. ఈ వినయము ఆ గ్రంథమునకంతకును ప్రాణమని నా యభిప్రాయము.

సభాసదులారా, ఇంతమంది పెద్దల అనుభవములు చెప్పినమీదట నా స్వల్పానుభవమొకటి చెప్పుట సాహసమేయైనను, అది లేనిచో ఈ పుస్తకములు నాకు ఇంతగా అర్థమై యుండెడివి కావు. ముప్పదియేండ్ల క్రిందట నేనొక పనిమీద దూరపు పట్టణమునకు పోయి, రాత్రి బస్సుస్టాండులో దిగునప్పటికి సంచియు దానిలోని డబ్బును పోయినవని గుర్తించితిని. అది మాఘమాసము, ఒంటిమీద పలుచని కండువ. ఊరిలో మిత్రుడొకడు ఉన్నాడుగాని వాని యిల్లు నేనెరుగను. కళాశాలకు పోయి పగటివేళ విచారింపవలసినదే. సరే, ఒక్క రాత్రియేగదాయని సిమెంటుబల్లమీద ఒరిగితిని. పదకొండు గంటలకు కానిస్టేబులు వచ్చి బల్లపై లాఠీతో కొట్టి టికెట్టేదని యడిగెను. టికెట్టున్నవాడు ప్రయాణికుడు, వానికి కూర్చుండు హక్కు కలదు. లేనివాడు ఏమగునో అంతవరకు నేనాలోచించి యెరుగను. చదువుకొన్నవాడినని చెప్పబోయితిని, నా తెలుగు ఆయనకు వినబడలేదు, నా నలిగిన చొక్కా కనబడెను. లేచి నాలుగడుగులు వేసి, ఆయన అటు పోగానే మరల కూర్చుంటిని.

అప్పుడు స్తంభమునకానుకొని ముసుగుపెట్టుకొనియున్న ముసలివాడొకడు తల బయటపెట్టి, “ఇక్కడ పడుకోకు బాబూ, రెండింటికి మళ్ళీ వస్తాడు. ఆ టీకొట్టు బల్ల వెనక్కి రా, అక్కడ లేపడు,” అనెను. ఆ ముసలివానికి ఆ ప్రాంగణము పంచాంగమువలె కంఠస్థము. ఏ గంటకు గస్తీ, ఏ గంటకు ఊడ్చువారు, ఏ కొళాయిలో నీళ్ళు ఎప్పుడు వచ్చును, ఏ హోటలువాడు రాత్రి మిగిలిన అన్నము పారవేయక పిలిచి పెట్టును, ఏ మూల కుక్క కరచును, అంతయు వానికి తెలియును. నేను చదివిన చదువులలో ఒక్కటియు ఆ రాత్రి నాకు అక్కరకు రాలేదు. వాని చదువే నాకు నాలుగుగంటల నిద్ర పెట్టెను. తెల్లవారి నేను లేచిపోవుచుండగా వాడు, “రేపు ఈ బల్ల కుదరదు బాబూ, కొట్టాయన మారుతున్నాడు,” అని హెచ్చరించెను. నాకు రేపు లేదన్న సంగతి వానికి తెలియదు, నేను చెప్పలేదు. మధ్యాహ్నమునకు మిత్రుని యింట తలంటుపోసికొని భోజనము చేసితిని. ఆ ముసలివానికి ఏదైనను ఇచ్చి రావలెనని అనుకొంటిని, పోలేదు. మరుసటిసారి ఆ ఊరు పోయినప్పుడును వానిని వెదకలేదు.

నాకు ఆ మిత్రుడే చంకక్రింది సవరను. ఇక్కడ మనము ఈ విషయముయొక్క మర్మస్థానమునకు వచ్చితిమి. చలి వేషధారికిని నిజముగనే చలి. ఆకలి నిజముగనే ఆకలి. నల్లులు ఇద్దరిని సమదృష్టితోనే కుట్టును. రాత్రికి సంబంధించినదెల్ల ఒక్క రాత్రిలో తెలిసికొనవచ్చును. తెలియనిది రేపు. ఇల్లులేనివాడు బల్లమీద పండుకొని తలపోయునది ఆ రాత్రి చలిని గూర్చి కాదు. రేపు ఈ బల్ల యుండునా, ఎల్లుండి జ్వరము వచ్చిన ఎక్కడ పడియుండవలెను, వానకాలము వచ్చిన మూటనెక్కడ దాచవలెను, చచ్చిన ఎవరు మోయుదురు అని. వేషధారి ఆ ప్రశ్నలను వినగలడు, వ్రాసికొనగలడు. కాని అవి వాని నిద్రను చెరుపవు. దిక్కులేనితనమున రెండవయర్థము, పోవలసిన వైపు లేకుండుట, అరువు తెచ్చుకొనుటకు వీలులేనిది. జాక్ లండన్ ఈ భేదమును తన శరీరముననే ఎరుగును. పదునెనిమిదియేండ్ల ప్రాయమున, 1894లో, రైళ్ళవెంట తిరుగుచు నయాగరా దగ్గర పట్టుబడి, దిమ్మరితనపు నేరమునకు ముప్పదిదినములు చెరలో మగ్గినవాడు. అప్పుడు వాని బనీనులో సవరను లేదు.

అట్లయిన ఈ వేషములు వ్యర్థములాయని యడుగుదురేమో. కావు. అవి పరుని దుఃఖమును మనకు అనుభవమునకు తేజాలవు. కాని మన నియమములను బయటినుండి మనకు చూపగలవు. మన తలుపు ఎంత ఎత్తైనదో లోపలనున్న మనకు తెలియదు, బయట నిలిచినవానికే తెలియును. గ్రీన్‌వుడ్ స్నానపునీటిని చూపెను. జాక్ లండన్ ఉద్యానపు తాళమును చూపెను. మేరీ హిగ్స్ చూపులోని చొరవను చూపెను. ఆర్వెల్ నెలకొక్క రాత్రియను నిబంధనమును చూపెను. ఇవి దైవఘటనలు కావు; ఎవరో బల్లదగ్గర కూర్చుండి వ్రాసినవి, లేదా వ్రాయకయే సాగనిచ్చినవి. వ్రాసినవారు తుడిచివేయనుగలరు.

మన దేశమువంక చూతము. 2011 జనాభా లెక్కలలో ఫిబ్రవరి 28వ తేది రాత్రి లెక్కగాండ్రు కాలిబాటలమీదను, వంతెనలక్రిందను, రైలుస్టేషనులలోను, గుళ్ళ మండపములలోను, సిమెంటుగొట్టములలోను పండుకొనియున్నవారిని వెదకి వ్రాసికొనగా, ఇల్లులేనివారు 17 లక్షల 70 వేలకు పైబడిరని తేలినది. ప్రభుత్వమునకును తెలిసినది ఒక్క రాత్రియే! 1985లో సుప్రీంకోర్టు బొంబాయి కాలిబాటవాసుల వ్యాజ్యమున, బ్రదుకుతెరువు జీవించుహక్కులోని భాగమేయని సెలవిచ్చెను. 2010లో నగరములందు లక్షజనాభాకొక ఆశ్రయగృహము చొప్పున, ఏడాది పొడుగునను, ఇరువదినాలుగు గంటలును తెరచియుంచవలెనని శాసించెను. ఈ ఇరువదినాలుగు గంటలన్న మాటను తేలికగా చూడకుడు. వేకువను అందరిని వెళ్ళగొట్టి తాళమువేసెడి ఆశ్రయము, రాత్రియంతయు నడచి పగలు పచ్చికమీద పడిన ఆ లండను దౌర్భాగ్యులనే తలక్రిందులుగా మరల సృష్టించును.

ఆశ్రయగృహము కట్టియున్నను మనుష్యులు కాలిబాటనే పండుకొనుచున్నారని అధికారులు విసుగుకొనుట కలదు. వారితో ఒక్క వేకువ అడ్డామీద నిలుచుండినచో కారణము తెలియును. పాలమూరునుండి హైదరాబాదు వచ్చిన కూలి ఉదయమున అడ్డా చేరకున్న ఆనాటి పని పోయినట్లే. నాలుగుమైళ్ళ దూరమున ఎంత చక్కని కప్పున్నను వానికి పనికిరాదు. వానికి తన ఊరిలో ఇల్లున్నది, నగరమున నిద్రయే లేదు. ఆలుమగలను వేరుచేసి పండుకొనుమను చోటునకు కాపురస్థులు పోరు. మూట దాచుకొనుటకు పెట్టె లేనిచోటునకు మూటయే సర్వస్వమైనవాడు పోడు. పెద్దాసుపత్రి వెలుపల చాపలు పరచుకొనియున్న రోగుల బంధువులు, లోపలినుండి పిలుపు వినబడనంత దూరము కదలరు. ఇక చిరునామా సంగతి: రేషనుకార్డు దరఖాస్తులో మొదట వచ్చు గడులలో ఒకటి ఇంటినంబరు. ఆ గడిని నింపలేనివాడు దాని దిగువనున్న ప్రశ్నలకు ఎంత నిజము చెప్పినను విలువ యేమి?

కావున, యువకులెవరైనను ఒక రాత్రి వీధిని గడపి రావలెనని ఉబలాటపడినచో నేను వారింపను. వారికి మూడు మాటలు మాత్రము చెప్పెదను. చంకలోని సవరనును దాచకుడు. అది ఉన్నదని మొదట మీతో మీరే చెప్పుకొనుడు. మీరు తిన్న బాధను గూర్చి వ్రాయుటకంటె మిమ్ము లేపిన లాఠీ ఏ నియమము ప్రకారము లేపినదో కనుగొని వ్రాయుడు. మీకు చోటు చూపిన ముసలివాడు మీకు గురువు. ఆయన మాటను మీ మాటగా చెలామణి చేయకుడు, వీలైనంతవరకు ఆయననే మాటలాడనిండు. ఈ మూడవదానిని పాటింపనివారిలో నేనొకడను. అందుచేతనే గట్టిగా చెప్పుచున్నాను.

ఇక మాస్టరుగారి నియమము. కుడియరుగుమీద ఎవరు దిగినను, ఏ ఊరని యడుగవచ్చును, ఆకలియా యని యడుగవచ్చును, కులము తప్ప ఏమైనను ఇష్టాగోష్ఠిగా మాటలాడవచ్చును. కాని ఎప్పుడు బయలుదేరుదువనియు, రేపెక్కడికనియు ఆ యింటివారెవ్వరును అడుగరాదు. ఒకసారి వానకాలమున ఆ మతిచలించిన వృద్ధుడు పదునొకండుదినములు కదలకుండుటచేత, నేను పిల్లతనమున, “తాతా, ఎప్పుడు పోతావు?” అని అడిగితిని. నలువదియేండ్ల ఉపాధ్యాయవృత్తిలో పిల్లలమీద బెత్తము ఎత్తని మాస్టరుగారు ఆనాడు నన్ను గుంజీలు తీయించిరి. కారణము చెప్పలేదు.

ఆయన పోయిన పిదప, వారి యక్కగారు ఒకనాడు మాటల సందున చెప్పిరి. తండ్రి చిన్ననాటనే గతింపగా మాస్టరుగారు పట్టణమున వారములు చేసికొని చదువుకొనిరట. ఆరుదినములకు ఆరిండ్లు కుదిరినవి. ఏడవవారము ఎవ్వరును ఇచ్చినవారు లేరు. అన్నమునకు ఆరిండ్లున్నను పడకకు ఒక్కటియు లేక, రెండేండ్లు ఎవరెవరి అరుగులమీదనో పండుకొనిరట. అరుగులవారు మంచివారే, తరిమినవారు కారు. ప్రతి వేకువను ఇంటి యజమానురాలు ముగ్గుచెంబుతో బయటికి వచ్చి, దయగలిగిన గొంతుకతోనే, “రేపెక్కడ పడుకుంటావు నాయనా?” అని అడిగెడిదట.

ఆ ప్రశ్నకు బదులు చెప్పలేక ఆ పిల్లవాడు తెల్లవారకముందే లేచి పోవుట అలవాటు చేసికొనెనట.